మీ దగ్గర లేని కంప్యూటర్‌లో మీ కోడ్‌ని ఎవరు టెస్ట్ చేస్తారు?

ఈరోజు టాపిక్ ఎవరూ అడిగింది కాదు, నేనే కావాలని తీసుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళలో కూడా చాలామందికి దీని గురించి పెద్దగా తెలియదు. కానీ దీని ఫలితాన్ని మాత్రం రోజూ అందరం వాడుకుంటున్నాం.

మీరు ఒక చిన్న లైబ్రరీ రాశారనుకోండి. తేదీలు లెక్కపెట్టేదో, ఎక్సెల్ ఫైల్ చదివేదో, ఏదో ఒకటి. ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క విండోస్ ల్యాప్‌టాప్. దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళలో ఒకాయనకి మాక్ ఉంది, ఇంకొకావిడ లినక్స్ సర్వర్ మీద నడుపుతోంది, మరొకరు ఫ్రీబీఎస్‌డీ వాడతారు, ఇంకెక్కడో ఒక బ్యాంకులో ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ ఉంది. వీటన్నిటి మీదా మీ కోడ్ పనిచేస్తుందని మీరెలా చెప్పగలరు? అవన్నీ కొని ఇంట్లో పెట్టుకోవడం అయ్యే పని కాదు. ఒకవేళ కొనే స్తోమత ఉన్నా, కొన్నిటికి లైసెన్స్ కాగితాలే అడ్డం పడతాయి.

దీనికి సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో పాతికేళ్ళుగా నడుస్తున్న ఒక జవాబు ఉంది. ఎక్కడెక్కడో ఉన్న వలంటీర్లు, జీతం లేకుండా, తమ సొంత మెషీన్లలో వేరేవాళ్ళ కోడ్‌ని టెస్ట్ చేసి రిపోర్ట్ పంపిస్తారు. అది ఎలా నడుస్తుంది, లైసెన్సులు దాన్ని ఎక్కడ ఆపుతాయి, మనం అందులో ఎలా చేరొచ్చు, ఈ మూడూ ఈరోజు మాట్లాడుకుందాం.

ఒకే కోడ్ ఒకచోట నడిచి ఇంకోచోట ఎందుకు పడిపోతుంది?

ముందు ఈ సంగతి తేల్చుకుందాం. "నా మెషీన్‌లో పనిచేస్తోందండీ" అనే మాట మన ఆఫీసుల్లో పెద్ద జోక్. కానీ అన్నవాళ్ళు అబద్ధం చెప్పరు, నిజంగానే అక్కడ పనిచేస్తుంది.

ఉదాహరణకి ఫైల్ పేర్లు. లినక్స్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న పేరు, చిన్న అక్షరాలతో ఉన్న అదే పేరు రెండు వేర్వేరు ఫైళ్ళు. విండోస్‌లోనూ, మామూలు సెట్టింగ్‌తో ఉన్న మాక్‌లోనూ రెండూ ఒకటే. మీరు మాక్‌లో పేరు కొంచెం తప్పు టైప్ చేసినా నడిచిపోతుంది, లినక్స్‌కి వెళ్ళగానే "ఫైల్ లేదు" అంటుంది. విండోస్‌కి ఇంకో చాదస్తం ఉంది. డాస్ కాలం నుంచి "కాన్", "ఆక్స్", "నల్" లాంటి కొన్ని పేర్లు డివైజ్‌ల కోసం కేటాయించి పెట్టింది. లినక్స్‌లో ఎవరో ఆ పేరుతో ఒక ఫైల్ చేసి ప్రాజెక్ట్‌లో పెడితే, విండోస్‌లో ఆ ప్రాజెక్ట్ డౌన్‌లోడే సరిగ్గా అవ్వదు.

ఇంకా లోపలికి వెళ్తే, సీ భాషలో "లాంగ్" అనే రకం 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు. పెద్ద అంకె పెట్టారంటే ఒకచోట బాగానే ఉంటుంది, ఇంకోచోట తెగిపోతుంది. తెరిచి ఉన్న ఫైల్‌ని యూనిక్స్ తరహా సిస్టమ్‌లో డిలీట్ చేయొచ్చు, విండోస్ మామూలుగా ఒప్పుకోదు. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ అయితే ఒక అంకెలోని బైట్లని మన ల్యాప్‌టాప్ పెట్టే క్రమానికి తలకిందులుగా పెడుతుంది.

మన దగ్గరే బయటపడే బగ్గులు కూడా ఉన్నాయి. మన టైమ్ జోన్ యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. ఆ "అర" ఉంది చూడండి, అది చాలా కోడ్‌ని బోల్తా కొట్టిస్తుంది. టైమ్ జోన్ల తేడా ఎప్పుడూ నిండు గంటల్లోనే ఉంటుందనుకుని రాసిన ప్రోగ్రామ్ లండన్‌లో పాసవుతుంది, న్యూయార్క్‌లో పాసవుతుంది, హైదరాబాద్‌లో తప్పు టైమ్ చూపిస్తుంది. నేను ఉద్యోగం చేసిన ఒక చోట టెస్టులన్నీ యూటీసీలో ఉన్న సర్వర్ మీద పచ్చగా పాసయ్యేవి. ఇక్కడి యూజర్లకి మాత్రం తెల్లవారుజామున చేసిన ఎంట్రీలు ముందురోజు తేదీతో కనిపించేవి. అలాగే విండోస్‌లో యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నారనుకోండి, ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఇంకేవీ ఫోల్డర్ పేరులో రావనుకున్న ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. ఇలాంటివి కాలిఫోర్నియాలో కూర్చున్న డెవలపర్‌కి కనపడటం కష్టం. మన మెషీన్లకి ఇట్టే దొరుకుతాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. 4 ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఒక్కోదానికి 3 వెర్షన్లు, 2 రకాల ప్రాసెసర్లు, మీరు రాసిన భాషకి 5 వెర్షన్లు అనుకోండి. 120 కాంబినేషన్లు వచ్చాయి. ఇవన్నీ ఒక్క మనిషి చూసుకోవడం జరగని పని.

సీప్యాన్ టెస్టర్స్: అడగకుండానే వచ్చే సాయం

దీన్ని మొదట్లోనే పట్టుకున్నవాళ్ళలో పెర్ల్ భాష వాళ్ళు ఒకరు. పెర్ల్‌ని ల్యారీ వాల్ 1987లో విడుదల చేశారు. ఇప్పటి బీటెక్ పిల్లలకి పేరు కూడా తెలియకపోవచ్చు గానీ, ఒకప్పుడు వెబ్ అంతా దీని మీదే నడిచింది. పెర్ల్ ప్రోగ్రామర్లు తమ మాడ్యూల్స్‌ని పంచుకోవడానికి 1995లో సీప్యాన్ అనే ఉమ్మడి భాండాగారం మొదలైంది. ఎవరైనా రాసి అక్కడ పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. మరి టెస్టింగ్ సంగతి? 1998లో గ్రాహం బార్, క్రిస్ నాండోర్ అనే ఇద్దరి ఆలోచనతో సీప్యాన్ టెస్టర్స్ మొదలైంది.

పని ఇలా జరుగుతుంది. మీరు మాడ్యూల్ అప్‌లోడ్ చేస్తారు. మాడ్యూల్‌తో పాటు టెస్టులు కూడా రాసి పెట్టడం పెర్ల్ వాళ్ళ అలవాటు. ఎక్కడో ఒక వలంటీర్ మెషీన్ కొత్తగా ఏమొచ్చిందో చూస్తూ ఉంటుంది. రాగానే దించుకుని, బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, రిపోర్ట్ పంపిస్తుంది. ఇంకొక దేశంలో ఇంకొకరి మెషీన్ వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద అదే పని చేస్తుంది. మీరు ఎవరినీ బతిమాలక్కర్లేదు. వాళ్ళు మీకు తెలియదు, మీరు వాళ్ళకి తెలియదు. మీరు నిద్ర లేచేసరికి రిపోర్టులు రావడం మొదలై ఉంటుంది.

ఈ రిపోర్టులో నాలుగు గ్రేడ్లు ఉంటాయి. పాస్, ఫెయిల్ సరే, అందరికీ తెలిసినవే. మూడోది "ఎన్ఏ", అంటే ఈ సిస్టమ్‌కి ఈ మాడ్యూల్ వర్తించదు అని. విండోస్ కోసమే రాసిన మాడ్యూల్‌ని లినక్స్ మీద నడపబోతే వచ్చేది ఇదే. నాలుగోది "అన్‌నోన్". ఉదాహరణకి మీరు టెస్టులే రాయకపోతే ఇది వస్తుంది. ఈ నాలుగు ముక్కలుగా విడగొట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా తెలివైన పని. "పాడైంది" అన్నదానికీ, "ఇది దీనికి కాదు" అన్నదానికీ, "మాకు తెలీదు" అన్నదానికీ తేడా చూపించకపోతే ఆ రిపోర్టుల గుట్టలో రాసినవాడికి పనికొచ్చేది దొరకదు.

గ్రేడ్ ఒక్కటే పంపిస్తే కూడా లాభం లేదు. అందుకే ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ప్రాసెసర్, పెర్ల్‌ని ఏ కంపైలర్‌తో ఎలా బిల్డ్ చేశారు, తోడు మాడ్యూల్స్ ఏ వెర్షన్లు, అన్నీ రిపోర్టులో ఉంటాయి. వందల రిపోర్టుల్ని గళ్ళ పట్టికలా పరిస్తే, అడ్డంగా ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నిలువుగా పెర్ల్ వెర్షన్లు, బొమ్మ స్పష్టంగా కనపడుతుంది. ఒక నిలువు వరసంతా ఎర్రగా ఉందంటే తప్పు ఆ సిస్టమ్‌ది. ఒక అడ్డ వరసంతా ఎర్రగా ఉందంటే ఆ పెర్ల్ వెర్షన్‌తో గొడవ. అక్కడొకటి ఇక్కడొకటి చెదురుమదురుగా ఎర్రచుక్కలు ఉన్నాయంటే టైమింగ్ సమస్యో, నెట్‌వర్క్ సమస్యో అయ్యుండొచ్చు. కోడ్ తెరిచి చూడకముందే సగం కారణం తెలిసిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళ జంతువుల కొట్టం

రెండో ఉదాహరణ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్. ఇది మీలో చాలామంది వాడే ఉంటారు. దీనికి బిల్డ్‌ఫార్మ్ అని ఒకటి ఉంది, 2004లో ఆండ్రూ డన్‌స్టన్ మొదలుపెట్టారు. ఇందులో చేరిన ప్రతి మెషీన్‌కీ ఒక జంతువు పేరు పెడతారు. డెవలపర్లు కూడా "ఆ జంతువు ఎర్రగా అయ్యింది చూడు" అని మాట్లాడుకుంటారు.

సీప్యాన్‌లో వేలకొద్దీ వేర్వేరు మాడ్యూల్స్ ఉంటాయి, వాటిలో కొత్తగా వచ్చినవాటిని టెస్ట్ చేస్తారు. ఇక్కడ ఉన్నది ఒకే ప్రాజెక్ట్, కానీ అందులో రోజూ మార్పులు వస్తాయి. ఎవరైనా కమిట్ చేయగానే, ఈ మెషీన్లు తమ తమ వేళల్లో కొత్త కోడ్ లాక్కుని, మొదటినుంచీ బిల్డ్ చేసి, టెస్టులన్నీ నడిపి, ఏ దశలో ఆగిందో లాగ్‌తో సహా సెంట్రల్ సర్వర్‌కి పంపిస్తాయి. కమిట్ చేసినవాళ్ళు ఆ పేజీ చూస్తూ కూర్చుంటారు.

ఇక్కడ ఒక్క విషయం బాగా గమనించండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. సెంట్రల్ సర్వర్ ఎవరి మెషీన్‌లోకీ లాగిన్ అవ్వదు. పాస్‌వర్డులు దానికి తెలియవు. వలంటీర్ మెషీనే వెళ్ళి కోడ్ తెచ్చుకుంటుంది, తనే నడుపుతుంది, ఫలితం మాత్రం బయటికి పంపిస్తుంది. మెషీన్ యజమానిదే, దాని మీదున్న ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సూ యజమానిదే, కంపైలర్ లైసెన్సూ యజమానిదే.

సెక్యూరిటీ కోసం ఇలా చేస్తారని మనకి వెంటనే తట్టేది. అది నిజమే. కానీ దీనివల్ల లైసెన్స్ చిక్కు కూడా విడిపోతుంది. లైసెన్స్‌ని ప్రాజెక్ట్ దగ్గరికి తీసుకురాలేం కాబట్టి, కోడ్‌నే లైసెన్స్ ఉన్న మనిషి దగ్గరికి పంపిస్తున్నారు. వలంటీర్లు కావాల్సింది ఉచితంగా కరెంటు, సీపీయూ ఇస్తారని మాత్రమే కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌ని వాడే హక్కు వాళ్ళ దగ్గర ఉంది, ప్రాజెక్ట్ దగ్గర లేదు.

లైసెన్స్ ఎక్కడ అడ్డొస్తుంది?

లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ అయితే గొడవ లేదు. ఎన్ని వర్చువల్ మెషీన్లు కావాలంటే అన్ని చేసుకోవచ్చు.

మాక్‌ఓఎస్ అలా కాదు. ఆపిల్ లైసెన్స్ ప్రకారం దాన్ని ఆపిల్ తయారుచేసిన హార్డ్‌వేర్ మీదే నడపాలి. ఆల్రెడీ మాక్‌ఓఎస్ నడుస్తున్న ఒక మాక్ మీద అదనంగా రెండు వర్చువల్ కాపీల వరకు పెట్టుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్, దానికి సంబంధించిన టెస్టింగ్ ఆ అనుమతించిన పనుల్లో ఉన్నాయి. అంటే మీ దగ్గర 64 కోర్ల పెద్ద సర్వర్ ఉన్నా, దాని మీద ఇరవై మాక్‌ఓఎస్ వర్చువల్ మెషీన్లు లేపడం కుదరదు. టెక్నికల్‌గా చేసేవాళ్ళున్నారు, యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి. కానీ పేరున్న ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ అధికారికంగా ఆ పని చేయలేదు.

పోనీ అద్దెకి తీసుకుందామా? 2020లో వచ్చిన బిగ్ సర్ లైసెన్స్‌లో అద్దె నిబంధనలు పెట్టారు. అద్దె కనీసం వరుసగా 24 గంటలు ఉండాలి. అదే ఏడాది చివర్లో అమెజాన్ తన క్లౌడ్‌లో మాక్‌లు ఇవ్వడం మొదలుపెడితే, అక్కడా కనీసం 24 గంటలకి డబ్బు కట్టాలి. మీ టెస్టుకి పట్టేది ఆరు నిమిషాలు. లినక్స్ అయితే ఆ ఆరు నిమిషాలకే కట్టి వచ్చేయొచ్చు. ఉచితంగా కోడ్ రాసే ఒక స్టూడెంట్‌కి ఈ తేడా చిన్నదేం కాదు.

విండోస్‌ని వర్చువల్ మెషీన్‌లో పెట్టుకోవచ్చు, కానీ ప్రతి కాపీకి హక్కు ఉండాలి. ట్రయల్ ఎడిషన్లు ఉన్నాయి, ఎంటర్‌ప్రైజ్‌ది 90 రోజులు, సర్వర్‌ది 180 రోజులు. ఒకసారి చూసుకోవడానికి సరిపోతాయి. ఏళ్ళ తరబడి రోజూ నడవాల్సిన టెస్ట్ మెషీన్‌కి సరిపోవు. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పాత వెర్షన్లలో వెబ్‌సైట్లు సరిచూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ తనే వర్చువల్ మెషీన్లు ఉచితంగా ఇచ్చింది, వాటికీ గడువు ఉండేది.

తర్వాత కమర్షియల్ యూనిక్స్‌లు. ఐబీఎమ్ ఏఐఎక్స్ కావాలంటే ఐబీఎమ్ పవర్ సర్వర్ కావాలి. అది ఇంట్లో పెట్టుకునేది కాదు. ఇక్కడ జీసీసీ కంపైల్ ఫార్మ్ లాంటివి ఆదుకుంటాయి. దాతలిచ్చిన అరుదైన మెషీన్లు అక్కడ ఉంటాయి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి అకౌంట్ ఇస్తారు. అయినా కొన్ని వేదికలు నిలవలేదు. పోస్ట్‌గ్రెస్ 16వ వెర్షన్‌లో హెచ్‌పీ-యూఎక్స్‌ని తీసేశారు, 17లో ఏఐఎక్స్‌ని తీసేశారు. ఆ తర్వాత ఏఐఎక్స్‌ని తిరిగి చేర్చడానికి ఐబీఎమ్ వాళ్ళే పనిలోకి దిగాల్సి వచ్చింది. చూసుకునే మనిషీ, టెస్ట్ చేసే మెషీనూ లేని వేదికని ఏ ప్రాజెక్టూ ఎక్కువ కాలం మోయలేదు. దాన్ని నమ్ముకుని ఎక్కడో డేటాబేస్ నడుపుతున్నవాళ్ళు పాత వెర్షన్ మీదే ఆగిపోతారు.

కొన్ని లైసెన్సులు టెస్ట్ చేయొద్దు అనవు, చేసింది బయటికి చెప్పొద్దు అంటాయి. 1983లో విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ డెవిట్, తోటి పరిశోధకులతో కలిసి డేటాబేస్‌ల వేగాన్ని పోల్చి ప్రచురించారు. దాని తర్వాత ఒరాకిల్ తన లైసెన్స్‌లో, అనుమతి లేకుండా బెంచ్‌మార్క్ ఫలితాలు ప్రచురించకూడదని పెట్టింది. వేరే డేటాబేస్ కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. ఈ రకం షరతుకి ఇప్పటికీ "డెవిట్ క్లాజ్" అనే పేరు. వలంటీర్ టెస్టింగ్ అంతా నడిచేదే ఫలితాన్ని బహిరంగంగా పెట్టడం మీద కదా. అందుకే ఏదైనా కమర్షియల్ డేటాబేస్‌తో మీ కోడ్ పోల్చి స్పీడ్ నంబర్లు పోస్ట్ చేసే ముందు దాని లైసెన్స్ ఒకసారి చదవండి. పాస్, ఫెయిల్ వేరు, స్పీడ్ వేరు.

రెండు కథలు: ఒకరు గెలిచారు, ఒకరు ఆగిపోయారు

లైసెన్స్ అడ్డుగోడని తెలివిగా దాటినవాళ్ళు వైన్ ప్రాజెక్ట్ వాళ్ళు. విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది, 1993 నుంచీ ఉంది. విండోస్ సోర్స్ కోడ్ మైక్రోసాఫ్ట్ సొత్తు. దాన్ని చూసినవాళ్ళ దగ్గర్నుంచి వైన్ కోడ్ తీసుకోదు, అంత కచ్చితంగా ఉంటారు. మరి లోపల చూడకుండా, అచ్చం అలాగే ప్రవర్తించేది ఎలా రాస్తారు?

టెస్టులతో. "ఈ ఫంక్షన్‌కి ఇది ఇస్తే అసలు విండోస్ ఏమంటుంది?" అనే ప్రశ్నని ఒక టెస్ట్‌గా రాస్తారు. ఆ టెస్టులన్నిటినీ ఒక ప్రోగ్రామ్‌గా కట్టి, నిజమైన విండోస్ ఉన్న మెషీన్ల మీద నడుపుతారు. వేర్వేరు వెర్షన్లు, వేర్వేరు భాషల విండోస్‌లు. ఫలితాలు ఒకచోటికి చేరతాయి. అసలు విండోస్ మీద పాసయ్యి, వైన్ మీద ఇంకా పాసవ్వనిదానికి కోడ్‌లోనే "వైన్ చేయాల్సి ఉంది" అని ఒక గుర్తు పెడతారు. అదే రేపు ఎవరో సరిచేసినప్పుడు ఆ టెస్ట్ పాసయ్యి, గుర్తు తీసేయమని అదే అడుగుతుంది. అంటే చేయాల్సిన పనుల చిట్టా కూడా టెస్టుల్లోనే ఉందన్నమాట.

ఇందులో ఎవరూ విండోస్‌ని కాపీ చేయలేదు. చట్టబద్ధంగా కొనుక్కున్నవాళ్ళు తమ మెషీన్‌లో ఒక ప్రోగ్రామ్ నడిపి, వచ్చిన జవాబు చెప్పారు, అంతే. వెర్షన్ 1.0 రావడానికి 15 ఏళ్ళు పట్టింది, 2008లో వచ్చింది. ఇప్పుడు స్టీమ్ డెక్‌లో విండోస్ గేమ్స్ ఆడుతున్నారంటే, కింద ఉన్నది వైన్ మీద కట్టిన ప్రోటాన్.

రెండోది అపాచీ హార్మనీ కథ. 2005లో అపాచీ ఫౌండేషన్ జావాని స్వతంత్రంగా, మొదటినుంచీ రాయడం మొదలుపెట్టింది. కోడ్ రాయగలిగారు. కానీ "ఇది జావాకి సరిపోతుంది" అని అధికారికంగా అనిపించుకోవాలంటే సన్ కంపెనీ దగ్గరున్న కంపాటిబిలిటీ టెస్టులు పాసవ్వాలి. ఆ టెస్టులకీ ఒక లైసెన్స్ ఉంది. సన్ ఇస్తామంది, కానీ పాసైన సాఫ్ట్‌వేర్‌ని ఏయే రకం పరికరాల్లో వాడొచ్చో పరిమితి పెట్టింది. అపాచీ లైసెన్స్ ఏమో ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు అంటుంది. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. 2007 ఏప్రిల్‌లో అపాచీ బహిరంగ లేఖ రాసింది. తేలలేదు. సన్‌ని ఒరాకిల్ కొన్నాకా తేలలేదు. 2010 డిసెంబరులో జావా ప్రమాణాల కమిటీ నుంచి అపాచీ తప్పుకుంది. 2011 నవంబరులో హార్మనీని మూసేశారు. దాని లైబ్రరీ కోడ్‌లో కొంత ఆండ్రాయిడ్‌లో చేరింది, అది వేరే కథ.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వైన్ వాళ్ళు టెస్టులు సొంతంగా రాసుకున్నారు. హార్మనీకి కావాల్సిన టెస్టులు ఇంకొకరి చేతిలో ఉన్నాయి. టెస్ట్ సూట్ ఎవరి చేతిలో ఉంటే "ఇది సరైనదే" అనే ముద్ర వేసే అధికారం వాళ్ళదే. మీరేదైనా ప్రమాణాన్ని అనుసరించి సాఫ్ట్‌వేర్ రాయబోతుంటే, ముందు ఆ ప్రమాణం టెస్టులు ఏ లైసెన్స్‌లో ఉన్నాయో కనుక్కోండి.

ఇప్పుడు క్లౌడ్ వచ్చింది కదా, ఇంకా వలంటీర్లు ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. 2019 నుంచి గిట్‌హబ్ యాక్షన్స్‌లో పబ్లిక్ ప్రాజెక్టులకి లినక్స్, విండోస్, మాక్ మూడూ ఉచితంగా దొరుకుతున్నాయి. లైసెన్స్ తలనొప్పి వాళ్ళు పడతారు. నేను కూడా వాడతాను, మీరూ వాడండి.

కానీ రెండు సంగతులు. ఒకటి, అది ఒక కంపెనీ దయ మీద ఉంది. అంతకుముందు ఓపెన్ సోర్స్ వాళ్ళందరూ ట్రావిస్ సీఐ మీద ఆధారపడ్డారు. 2020 నవంబరులో అది ధరల విధానం మార్చింది, అపరిమితంగా ఉచితం అనేది పోయింది, వేల ప్రాజెక్టులు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. ఉచిత సీపీయూ కనపడగానే క్రిప్టో మైనింగ్ చేసుకునేవాళ్ళు దిగుతారు, కంపెనీలు గేట్లు మూస్తాయి, ఆ సైకిల్ ఆగదు.

రెండు, క్లౌడ్ మెషీన్ మరీ శుభ్రంగా ఉంటుంది. ప్రతిసారీ అప్పుడే ఇన్‌స్టాల్ చేసిన కొత్త సిస్టమ్, ఇంగ్లిష్ సెట్టింగులు, యూటీసీ టైమ్, ఫాస్ట్ డిస్క్. మనుషుల కంప్యూటర్లు అలా ఉండవు కదా. పాత లైబ్రరీలు ఉంటాయి, యాంటీవైరస్ ఉంటుంది, డిస్క్ నిండిపోయి ఉంటుంది. వలంటీర్ మెషీన్ విలువ ఆ మురికిలోనే ఉంది. స్లో మెషీన్లకి ఇంకో గుణం ఉంది. రెండు పనులు ఒకేసారి నడిచేటప్పుడు ఏది ముందు అవుతుందన్న దాని మీద ఆధారపడే బగ్గులు ఫాస్ట్ మెషీన్‌లో దాక్కుంటాయి, స్లో మెషీన్‌లో బయటపడతాయి. మీ అటకెక్కిన పదేళ్ళ ల్యాప్‌టాప్‌కి ఇక్కడ ఉద్యోగం ఉందండీ.

మీరు చేరాలనుకుంటే

మొదటి జాగ్రత్త. మీరు నడపబోయేది ముక్కూమొహం తెలియని వాళ్ళ కోడ్. సీప్యాన్ లాంటి చోట ఎవరైనా ఏదైనా అప్‌లోడ్ చేయొచ్చు. కాబట్టి మీ ఫోటోలు, బ్యాంక్ లాగిన్లు ఉన్న మెషీన్ మీద వద్దు. విడిగా ఒక పాత మెషీనో, వర్చువల్ మెషీనో పెట్టుకోండి. అందులో ఏ పాస్‌వర్డూ సేవ్ చేయకండి.

రెండు, ఆఫీస్ ల్యాప్‌టాప్ అసలు వద్దు. దాని మీదున్న ప్రతి లైసెన్సూ కంపెనీది, మీది కాదు. కంపెనీ పని కోసం కొన్న కంపైలర్‌తో మీరు బయటి ప్రాజెక్ట్ టెస్ట్ చేస్తే, ఉద్దేశం ఎంత మంచిదైనా మీ అగ్రిమెంట్ ఒప్పుకోకపోవచ్చు. కాలేజీ ఇచ్చిన స్టూడెంట్ లైసెన్సులు కూడా చదువు వరకే అని రాసి ఉండొచ్చు, చూసుకోండి. విండోస్‌లో సీ కంపైలర్ కావాలంటే విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, ఓపెన్ సోర్స్ పనికి వాడుకోవచ్చని దాని లైసెన్స్‌లోనే ఉంది.

మూడు, కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మనలో చాలామందికి మొదటి కంప్యూటర్‌లో విండోస్ ఎలా వచ్చిందో తెలియదు. అసెంబుల్ చేసిన షాపతనే వేసి ఇచ్చుంటాడు. అలాంటి క్రాక్ చేసిన విండోస్ మీద టెస్ట్ రిపోర్టులు పంపకండి. చట్టం సంగతి అలా ఉంచినా, క్రాక్ చేసినప్పుడు సిస్టమ్ ఫైళ్ళు ఏం మార్చారో ఎవరికీ తెలియదు. దాని మీద ఫెయిలయ్యిందంటే తప్పు కోడ్‌దా, క్రాక్‌దా? ఆ రిపోర్ట్ వల్ల అవతలివాడి ఆదివారం అంతా దండగ. దాని బదులు అదే మెషీన్ మీద లినక్స్ గానీ ఫ్రీబీఎస్‌డీ గానీ వేయండి. పైసా ఖర్చు లేదు, లైసెన్స్ భయం లేదు, రిపోర్ట్‌కి విలువ ఉంటుంది.

నాలుగు, రిపోర్టులు అందరికీ కనపడతాయి. మీ పేరు, ఈమెయిల్, ఫోల్డర్ దారిలో ఉన్న యూజర్ పేరు, అన్నీ. టెస్టింగ్ కోసం వేరే ఈమెయిల్, మామూలు యూజర్ పేరు పెట్టుకోండి.

ఐదు, కరెంటు పోతుంది, నెట్ పోతుంది, మన దగ్గర మామూలే. పర్లేదు. ఇరవైనాలుగు గంటలూ నడవాలని ఎవరూ అడగరు. రాత్రి రెండు గంటలు నడిచినా ఆ రెండు గంటల రిపోర్టులు పనికొస్తాయి. కాకపోతే మెషీన్‌ని పెట్టి మర్చిపోకండి. డిస్క్ నిండిపోయి అన్నిటికీ ఫెయిల్ అని పంపించే మెషీన్ కంటే ఆపేసిన మెషీన్ నయం. ఎవరైనా "మీ మెషీన్ రిపోర్ట్ తేడాగా ఉంది, ఒకసారి చూస్తారా" అని మెయిల్ చేస్తే జవాబివ్వండి. వలంటీర్ అంటే నిజంగా ఇచ్చేది ఆ శ్రద్ధే.

ఐదున్నర గంటల టైమ్ జోన్, తెలుగు పేరున్న ఫోల్డర్, అటక మీది ల్యాప్‌టాప్. వీటితో బయటపడే బగ్గులు చాలానే ఉంటాయి, ప్రపంచంలో చాలా ప్రాజెక్టుల దగ్గర లేనివి కూడా ఇవే. మీరు వాడే ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ తెరిచి, టెస్టింగ్‌కి ఏ వేదికలు కావాలని అడుగుతున్నారో ఈ వారం చూడండి. సెటప్‌లో ఎక్కడైనా ఆగిపోతే ఏ సిస్టమ్, ఏ ఎర్రర్ వచ్చిందో పూర్తిగా రాయండి, "పనిచేయట్లేదు బ్రో" అని మాత్రం రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక పాత మెషీన్ మీద ఫ్రీబీఎస్‌డీ వేసి, మొదటి రిపోర్ట్ పంపేదాకా చేసి చూపిస్తాను. అందాకా సెలవు, నమస్తే.